పాలమూరు గుట్టల మీద సీతాఫలం: చెట్టు స్వభావం, కాయ ధర

దసరాకు ముందు నుంచి దీపావళి దాటేదాకా షాద్‌నగర్, బాలానగర్, జడ్చర్ల మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన సీతాఫలాల గంపలు వరుసగా కనిపిస్తాయి. దేవరకొండ, చందంపేట వైపు పోయినా, అచ్చంపేట, మన్ననూరు వైపు పోయినా అంతే. ఆ గంపల్లోని కాయల్లో చాలా భాగం తోటల్లో కాసినవి కావు. గుట్టల మీద, చెలకల గట్ల మీద, బీళ్లలో ఎవరూ నాటకుండా మొలిచి, ఎవరూ నీళ్లు పెట్టకుండా పెరిగిన చెట్లవి. తెంపి తెచ్చేది ఎక్కువగా ఆడవాళ్లు. తండాల వాళ్లు, చెంచులు, భూమి లేని కూలీలు. వానాకాలం పంట పూర్తిగా చేతికి రాకముందు, పండుగ ఖర్చులు మీద పడే రోజుల్లో వాళ్ల ఇళ్లలోకి నాలుగు పైసలు వచ్చే దారి ఇదే.

పండు చూస్తే అందరూ ఇష్టపడేది. సాగు ఖర్చు లేదు. రెండు గంటల ప్రయాణంలో హైదరాబాద్ లాంటి నగరం ఉంది. అయినా తెంపినవాళ్లకు మిగిలేది ఎందుకింత తక్కువ? దళారులు దోచుకుంటున్నారనేది అందరూ చెప్పే జవాబు. అందులో నిజం ఉంది గానీ అది సగమే. మిగతా సగం ఆ చెట్టు స్వభావంలో, పువ్వు పూసే తీరులో, కాయ పండే వేగంలో ఉంది. దాన్ని అర్థం చేసుకోకుండా గిట్టుబాటు ధర గురించి ఎంత మాట్లాడినా గుట్ట మీద ఏమీ మారదు.

సీతాఫలం అనోనా అనే ప్రజాతికి చెందిన చెట్టు. లిన్నేయస్ 1753లో ఈ ప్రజాతికి, సీతాఫలానికి శాస్త్రీయంగా పేర్లు పెట్టాడు. మన సీతాఫలం అనోనా స్క్వామోసా. ఈ ప్రజాతిలో సుమారు 170 జాతులు ఉన్నాయి. కొద్దిపాటి ఆఫ్రికా జాతులను పక్కనపెడితే మిగతావన్నీ అమెరికా ఖండాల ఉష్ణమండల ప్రాంతాలవే. ఎర్రటి నున్నటి తోలు ఉండే రామాఫలం, ముళ్లు ముళ్లుగా ఉండి పుల్లగా తగిలే లక్ష్మణఫలం, ఆండీస్ కొండల చల్లదనానికి అలవాటుపడిన చెరిమోయా, ఇవన్నీ సీతాఫలానికి దగ్గరి చుట్టాలు. మన చుట్టూ కూడా ఈ కుటుంబం వాళ్లు లేకపోలేదు. కాలేజీల ముందు, అపార్ట్‌మెంట్ల గోడల వెంట స్తంభాల్లా నిటారుగా పెంచే నరమామిడి, సాయంత్రం మత్తుగా వాసన వేసే మనోరంజితం కూడా అనోనేసీ కుటుంబంలోవే.

సీతాఫలం ఈ దేశానికి ఎలా వచ్చిందన్న దాని మీద ఒక పాత వాదం ఉంది. పోర్చుగీసు వాళ్ల ఓడల్లో 16వ శతాబ్దంలో వచ్చిందని చాలామంది వృక్షశాస్త్రవేత్తల మాట. మధ్యప్రదేశ్‌లోని ప్రాచీన బౌద్ధ కట్టడం భార్హుత్ స్తూపం మీది శిల్పాల్లో సీతాఫలం లాంటి కాయ ఉందని 19వ శతాబ్దంలో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ అన్నాడు. అదే నిజమైతే కొలంబస్ కన్నా ఎన్నో వందల ఏళ్ల ముందే ఈ పండు ఇక్కడ ఉండాలి. కానీ రాతి మీద చెక్కిన కాయ సీతాఫలమా, పనసకాయా, తామర మొగ్గా అని తేల్చడం కష్టం. చెట్టు పుట్టిల్లు అమెరికా అన్నదాంట్లో మాత్రం పేచీ లేదు. దాని అడవి రకాలు, దగ్గరి జాతులు గుంపుగా ఉన్నది అక్కడే. సీతాదేవి వనవాసంతో ముడిపెట్టి చెప్పుకునే కథలు జనం ఈ పండును ఎంత ప్రేమగా సొంతం చేసుకున్నారో చెబుతాయి. అవి చరిత్రకు సాక్ష్యాలు కావు, కావాల్సిన అవసరమూ లేదు.

సముద్రం దాటి వచ్చిన చెట్టు గోదావరి డెల్టా లాంటి చోట్ల కాకుండా పాలమూరు, నల్లగొండ గుట్టల మీద ఇంతగా ఎందుకు విస్తరించింది? ఇక్కడ ఏడాదికి 600 నుంచి 750 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది, అదీ నాలుగు నెలల్లోనే. నేల ఎక్కువగా పలుచటి ఎర్ర చెలక, కింద గ్రానైటు రాయి. ఇలాంటి చోట చాలా పండ్ల చెట్లు నీళ్లు లేనిదే బతకవు. సీతాఫలం చలికాలం చివరికల్లా ఆకు రాల్చేసి ఎండాకాలమంతా దాదాపు మోడుగా నిలబడుతుంది. ఆకు లేకపోతే నీటి ఖర్చు లేదు. రాళ్ల సందుల్లో కాస్త మట్టి, కాస్త తేమ దొరికితే వేరు నిలబడుతుంది. పైగా నీళ్లు నిలిచే నల్లరేగడి దీనికి పడదు. గుట్ట వాలులో నీళ్లు జారిపోవడం దీనికి మేలే.

ఆకు రాల్చడంలో ఇంకో విశేషం ఉంది. సీతాఫలం కొమ్మ మీద కొత్త చిగురు మొగ్గ పైకి కనిపించదు. ఆకు తొడిమ అడుగున దాక్కుని ఉంటుంది. పాత ఆకు రాలితేనే ఆ మొగ్గకు వెలుగు తగిలి చిగురు వస్తుంది, చిగురుతో పాటే పూలూ వస్తాయి. అందుకే తోటల్లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొమ్మలు కత్తిరించి మిగిలిన ఆకు దూసేస్తారు. గుట్ట మీద ఆ పని ఎండే చేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన కారణం మేకలు. దక్షిణ తెలంగాణ పల్లెల్లో గొర్రె, మేక మేయని గుట్ట లేదు. రేగు, తుమ్మ, పరికి లాంటివి ముళ్లతో తమను కాపాడుకుంటాయి. సీతాఫలానికి ముల్లు లేదు. దానికి ఉన్నది ఆకుల్లోని చేదు, ఘాటైన వాసన. మేక మూతి పెట్టి వదిలేస్తుంది. మిగతా మొక్కలను మంద మేస్తూ పోతే వదిలేసిన ఈ మొక్కకు చోటు దొరికింది. కొట్టేస్తే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. పక్షులు, ఉడతలు, పశువుల కాపరి పిల్లలు పండు తిని గింజలు దూరంగా ఊసేస్తారు. తరాల తరబడి ఇలా జరిగి, రాచకొండ గుట్టల నుంచి కోయిల్‌కొండ దాకా, నల్లమల అంచుల దాకా సీతాఫలం సొంత చెట్టైపోయింది. సీజను మొదట్లో పచ్చి కాయలను మంటలో కాల్చుకుని తినే అలవాటు ఆ గుట్టల్లో పశువులు కాసినవాళ్లందరికీ ఎరుకే.

పువ్వు సంగతికి వస్తే, ధర కథ అసలు ఇక్కడ మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పూత మొదలవుతుంది. పువ్వు ఆకుపచ్చ, పసుపు కలిసిన రంగులో, మందమైన మూడు రెక్కలతో తలకిందులుగా వేలాడుతుంది. దూరం నుంచి చూస్తే పువ్వని కూడా తెలియదు. ఒకే పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి, కానీ రెండూ ఒకేసారి పనిచేయవు. రెక్కలు కొద్దిగా విచ్చుకున్నప్పుడు ఆడభాగం సిద్ధంగా ఉంటుంది. పుప్పొడి మాత్రం ఆ తర్వాత గంటలు గడిచాక, అప్పటికి ఆడభాగం ఎండిపోతున్న సమయంలో రాలుతుంది. అంటే ఒక పువ్వు పుప్పొడి ఆ పువ్వుకే అక్కరకు రావడం అరుదు. ఇంకో పువ్వు నుంచి ఎవరో మోసుకురావాలి.

ఆ పని తేనెటీగ చేయదు. సగం మూసుకున్న రెక్కల సందులోకి దూరగలిగే చిన్న పెంకు పురుగులు చేస్తాయి. పులిసిన పండు వాసనకు చేరే జాతి అవి. ఫ్లోరిడాలోనూ ఇజ్రాయెల్‌లోనూ ఈ పురుగులను తోటకు రప్పించడానికి కుళ్లిన పండ్లను ఎరగా పెట్టి చూశారు. మన గుట్టల మీద రాలిన పండు, ఆకు చెత్త, తేమ ఉన్న చోటనే ఇవి బతుకుతాయి. మే నెల వడగాలికి పువ్వు ఆడభాగం మీది తడి గంటల్లో ఆరిపోతుంది, పురుగులూ ఉండవు. అందుకే ఎండల్లో పూసిన పూత దాదాపు అంతా రాలిపోతుంది. మృగశిర వానలు పడి గాలిలో చెమ్మ వచ్చాకే కాయ నిలబడుతుంది. అప్పుడు కూడా నూటికి నాలుగైదు పూలు కాయగా మారితే మంచి కాపు కిందే లెక్క. జూన్‌లో వాన ఆలస్యమైన ఏడు సీతాఫలం తగ్గడానికీ, ఆలస్యంగా రావడానికీ కారణం ఇదే.

కాయ ఆకారాన్ని చూసినా పువ్వులో ఏం జరిగిందో చెప్పొచ్చు. సీతాఫలం ఒక్క కాయ కాదు, ఒకే పువ్వులోని ఎన్నో చిన్న అండాశయాలు కలిసిపోయి అయిన కాయల గుంపు. పైన కనిపించే ఒక్కో బొడిపె ఒక్కో చిన్న కాయ. పుప్పొడి అన్నిటికీ అందితే కాయ గుండ్రంగా వస్తుంది. ఒక పక్కకే అందితే ఆ పక్క ఉబ్బి రెండో పక్క అణిగిపోతుంది. ఇలా వంకరపోయిన కాయకు మార్కెట్లో ధర తగ్గుతుంది. తోట పెట్టినవాళ్లు బ్రష్షుతో పుప్పొడి తీసి పొద్దున్నే పూలకు అద్దితే కాపు ఎన్నో రెట్లు పెరుగుతుంది, కాయ నిండుగా వస్తుంది. కూలీ ఖర్చు పెట్టగలిగినవాళ్లకే అది సాధ్యం. గుట్ట చెట్టుకు పురుగే దిక్కు. ఎండిన ఆకును వేసవిలో తగలబెట్టే గుట్టల మీద ఆ పురుగుకు నిలువ నీడ ఉండదు. నిప్పు పెట్టడం మానుకోవడం కాపు పెంచే పనుల్లో అన్నిటికన్నా చవకైనది.

ఆలస్యంగా నిలిచిన కాయలు కొన్ని ఎదగకుండా నల్లబడి, రాయిలా గట్టిపడి కొమ్మకే వేలాడుతుంటాయి. దీన్ని తెగులనుకుని మందు కొట్టేవాళ్లు ఉన్నారు. చాలావరకు ఇది చెట్టు శక్తి చాలక, తేమ తగ్గిపోయి జరిగేది. అసలు బెడద పిండినల్లి. బొడిపెల సందుల్లో తెల్లగా చేరి రసం పీలుస్తుంది, దాని వెంట చీమలూ, మసి తెగులూ వస్తాయి. దానికి మందు కన్నా మొదలు చుట్టూ చీమలు ఎక్కకుండా చూడటం, పిండినల్లిని తినే అక్షింతల పురుగులను వదలడం మేలు.

పువ్వు నిలిచాక కాయ ముదరడానికి దాదాపు నాలుగు నెలలు. ముదిరిన గుర్తు బొడిపెల మధ్య గీతలు వెడల్పై తెల్లగా, లేత పసుపుగా కనిపించడం. కండ్లు విచ్చడం అనేది దీన్నే. కండ్లు విచ్చిన కాయ తెంపితే రెండు మూడు రోజుల్లో మెత్తబడి తియ్యగా పండుతుంది, కాయలోని పిండి పదార్థం చక్కెరగా మారుతుంది. కండ్లు విచ్చకముందే తెంపితే ఎన్ని రోజులు వడ్లలో, వరిగడ్డిలో మాగబెట్టినా తోలు నల్లబడి ముడుచుకుంటుంది తప్ప లోపల తీపి పుట్టదు. అలాగని చెట్టుమీదే పండనిస్తే పగిలిపోతుంది, ఉడతలూ పక్షులూ గబ్బిలాలూ ముందు తినేస్తాయి. అంటే సరిగ్గా తెంపాల్సిన గడువు కొద్ది రోజులే. తెంపాక అమ్ముకోవాల్సిన గడువు ఇంకా తక్కువ. ఫ్రిజ్‌లో, కోల్డ్ స్టోరేజీలో దాచుకోవచ్చు కదా అంటే అదీ కుదరదు. 12 డిగ్రీల కన్నా చల్లబడితే కాయ దెబ్బతిని తోలు నల్లబడుతుంది. బత్తాయికి ఉన్న సౌలభ్యం దీనికి లేదు.

ఇప్పుడు గుట్ట మీద ఏం జరుగుతుందో ఆలోచించాలి. చెట్టు ఎవరిదీ కాదు. సెప్టెంబరులో ఒకామె కాయను చూసి, ఇంకో వారం ఆగితే కండ్లు విచ్చుతుందని తెలిసి కూడా ఆగలేదు. ఆగితే రేపు పొద్దున్నే పక్క ఊరివాళ్లు తెంపుకుపోతారు. అందుకని లేతగానే తెంపుతుంది. అందరూ అదే చేస్తారు, చేయక తప్పదు. సంచి నిండా వచ్చిన కాయల్లో కొన్ని పండుతాయి, కొన్ని పండవు. కొనే వ్యాపారికి ఆ సంగతి తెలుసు కాబట్టి పండని వాటి నష్టాన్ని ముందే లెక్కవేసి గంపకు ఇంత అని మొత్తంగా తక్కువ ధర కడతాడు. మంచి కాయలు ఏరి తెచ్చిన ఆమెకూ అదే ధర. మూడో రోజుకు మెత్తబడే సరుకు చేతిలో పెట్టుకుని ఎవరూ బేరం ఆడలేరు, బస్సు దొరక్కపోతే ఆ బేరం కూడా ఉండదు. దళారి బలం పుట్టింది ఇక్కడే. అతను చెడ్డవాడా మంచివాడా అన్నది తర్వాతి మాట. ఎదుటివాళ్ల సరుకు గడువు గంటల్లో ఉన్నప్పుడు ఎవరు కొన్నా ధర కొనేవాళ్ల చేతిలోనే ఉంటుంది.

తోటల దారి వేరు. పాలమూరు జిల్లా బాలానగర్ పేరుతోనే దేశమంతా తెలిసిన రకం ఒకటి ఉంది. పెద్ద కాయ, మందమైన కండ, మంచి తీపి. తెలుగు రాష్ట్రాల్లోనే కాదు, మహారాష్ట్రలోనూ తోటలు పెట్టిన రకం ఇది. సంగారెడ్డిలోని ఫల పరిశోధన స్థానం సీతాఫలం మీద చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ అర్క సహన్ అనే సంకరాన్ని ఇచ్చింది. చెరిమోయాను సీతాఫలంతో కలిపి 1908లో అమెరికాలోని మయామీలో మొదలుపెట్టిన సంకర వంశం నుంచి వచ్చిన రకం అది. గింజ తక్కువ, నిల్వ కొంచెం ఎక్కువ. చేత్తో పుప్పొడి అద్దితేనే దాని కాపు బాగుంటుంది. ఇవన్నీ డ్రిప్పు, కంచె, కూలీ పెట్టుకోగల రైతుకు మంచి ఎంపికలే. మహారాష్ట్రలో బీడ్ సీతాఫలం 2016లో భౌగోళిక గుర్తింపు కూడా సాధించుకుంది. కానీ తోటలు పెరిగినంత మాత్రాన గుట్ట మీద తెంపుకునే కుటుంబానికి మేలు జరగదు. తోట కాయ నిండుగా, ఒకే సైజులో మార్కెట్‌కు వస్తే గుట్ట కాయ ఇంకా చవకబడే ప్రమాదమే ఎక్కువ. రాయితీలన్నీ తోటల వైపే చూడటం అందుకే సరిపోదు.

గుట్ట కాయకు కలిసొచ్చే దారి గుజ్జు. ఐస్‌క్రీము, రబ్డీ, మిల్క్‌షేక్‌లకు హైదరాబాద్‌లో సీజనంతా గిరాకీ ఉంటుంది, సీజను అయిపోయాక కూడా ఉంటుంది. గుజ్జుకు కాయ ఆకారంతో పనిలేదు, వంకరదైనా చిన్నదైనా లోపల తీపి ఉంటే చాలు. కాకపోతే ఇందులోనూ చెట్టు గుణం అడ్డం వస్తుంది. గింజ విడదీసిన గుజ్జు గాలి తగిలి త్వరగా గోధుమరంగుకు తిరుగుతుంది. మామిడి రసంలా కాచి డబ్బాల్లో నింపుదామంటే వేడికి చేదెక్కుతుంది. కాబట్టి పండిన రోజే, శుభ్రంగా, వేగంగా తీసి మైనస్ 20 డిగ్రీల దగ్గర గడ్డకట్టించాలి. ఇది పెద్ద ఫ్యాక్టరీ అక్కర్లేని పని. గుట్టకు దగ్గర్లో ఒక గది, నమ్మకమైన కరెంటు, డీప్ ఫ్రీజర్లు, చేతులు శుభ్రంగా ఉంచుకునే పద్ధతి తెలిసిన మహిళా సంఘం ఉంటే జరుగుతుంది. మూడు రోజుల గడువును నెలలకు పెంచే మార్గం కాబట్టి బేరం చేసే బలం కూడా అక్కడే వస్తుంది. కరెంటు పోతే సరుకంతా పోతుంది కనుక జనరేటర్ ఖర్చును మొదటే లెక్కలో వేసుకోవాలి.

గుజ్జు తీసేటప్పుడు గింజ విషయంలో జాగ్రత్త తప్పనిసరి. సీతాఫలం గింజల్లో అసిటోజెనిన్లు అనే విష పదార్థాలు ఉంటాయి. గింజ మింగితే గట్టి పెంకు వల్ల అలాగే బయటికి పోతుంది, చితికితేనే ప్రమాదం. పేలు పోవడానికి గింజల పొడి తలకు పట్టించే పాత అలవాటు ఉంది. ఆ పొడి కంట్లో పడితే కంటి నల్లగుడ్డు పైపొర కాలినట్టు దెబ్బతింటుంది, ఇలాంటి కేసులను కంటి డాక్టర్లు చూస్తూనే ఉన్నారు. పిల్లల తలకు అస్సలు వాడకూడదు. ఇదే విషం పొలంలో పనికొస్తుంది. రైతులు ఆకులతో సొంతంగా చేసుకునే పురుగు మందులైన దశపర్ణి కషాయంలో, బ్రహ్మాస్త్రంలో సీతాఫలం ఆకు వేసేది పురుగు మీద దాని ప్రభావం కోసమే.

దీనికి దగ్గరి సంగతే ఇంకొకటి. లక్ష్మణఫలం క్యాన్సర్‌ను తగ్గిస్తుందని ఫోన్లలో తిరిగే మెసేజ్‌లు నమ్మి ఆకు కషాయాలు తాగుతున్న కుటుంబాలు ఇక్కడా ఉన్నాయి. పరీక్షనాళికలో కణాలను చంపడం వేరు, మనిషిలో జబ్బు నయం చేయడం వేరు. రెండోది రుజువు కాలేదు. పైపెచ్చు కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో ఈ పండు, ఆకు కషాయం ఎక్కువగా వాడేవాళ్లలో పార్కిన్సన్స్‌ను పోలిన నరాల జబ్బు కనిపించిందని 1999లో లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. అనుమానం ఈ చెట్లలోని అనోనాసిన్ అనే అసిటోజెనిన్ మీదనే. జబ్బుతో భయపడి ఉన్న మనిషికి చికిత్స మాన్పించి కషాయం పట్టించడం ప్రాణాల మీదికి తెస్తుంది. సీజనులో సీతాఫలం గుజ్జు తినడానికి ఈ భయం వర్తింపజేయాల్సిన పనిలేదు. వంద గ్రాముల గుజ్జులో సుమారు 94 కేలరీలు, 36 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటాయి. చక్కెర ఎక్కువ కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు కొలత చూసుకోవాలి.

మళ్లీ గుట్ట దగ్గరికి వస్తే, ధరను మార్చగలిగే నిర్ణయం ఊరి చేతిలో ఒకటుంది. కాయ కండ్లు విచ్చేదాకా ఎవరూ తెంపకూడదని, ఫలానా రోజు నుంచే తెంపాలని గుట్ట చుట్టూ ఉన్న ఊళ్లు, తండాలు కలిసి ఒప్పుకోవడం. ఒక్క ఊరు ఒప్పుకుంటే చాలదు, అంచున ఉన్నవాళ్లందరూ రావాలి. ఒప్పందం నిలవాలంటే ఆ కాయ మీద హక్కు ఎవరిదో స్పష్టంగా ఉండాలి. అటవీ భూమి అయిన చోట 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయాన్ని సేకరించి అమ్ముకునే హక్కును అక్కడ తరాలుగా బతుకుతున్న గిరిజనులకు, ఇతర సంప్రదాయ అటవీ నివాసులకు ఇచ్చింది. నల్లమల వైపు పెంటలు అనే చెంచుల ఆవాసాలు ఆ చట్టం కింద సామూహిక హక్కు అడగవచ్చు. సీతాఫలాన్ని ఆ హక్కు పత్రాల్లో పేరు పెట్టి రాయించుకోవడం మంచిది.

రెవెన్యూ గుట్టల పరిస్థితి ఇంకా బలహీనం. షాద్‌నగర్, జడ్చర్ల రోడ్డు పక్కన వెంచర్లు, గుట్టల మీద కంకర క్వారీలు చెట్లను మొదలంటా తీసేస్తున్నాయి. అలాంటి భూమిని కాగితం మీద ఖాళీ గుట్ట, బంజరు అని రాస్తారు. దాని మీద ఏటా ఎన్ని కుటుంబాలు ఎన్ని గంపలు తెంపుతున్నాయో ఏ రికార్డులోనూ ఉండదు. కాబట్టి నష్టపరిహారం మాటే రాదు. గ్రామపంచాయతీ ఒక సీజనులో తెంపేవాళ్ల పేర్లు, గంపల లెక్క, వచ్చిన ధర ఒక రిజిస్టరులో రాయించి గ్రామసభలో తీర్మానం చేయిస్తే, క్వారీ లీజు ఫైలు కదిలినప్పుడు అభ్యంతరం చెప్పడానికి చేతిలో ఒక కాగితం ఉంటుంది. ఈ రిజిస్టరు పని ఆగస్టులోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే సెప్టెంబరు మొదటి వారానికే లేత కాయ తెంపడం మొదలవుతుంది.